ఆరాధనకు రాని సోదరి

ప్రశ్న: నేను మా సంఘంలో స్త్రీల సమాజం కార్యదర్శిని. మాతో కలిసి పాటలు పాడే ఒక సోదరి క్రిస్మస్ తర్వాత ఆరాధనకు రావడం మానేసింది. అత్తగారు పక్షవాతంతో మంచాన పడిన మాట నిజమే. అయినా ఆదివారం ఒక్క పూట వీలు చేసుకోలేదా? చందా కూడా ఆగిపోయింది. సంతలో మాత్రం కనబడుతోందట. బైబిల్లోని హెబ్రీ పత్రిక 10:25 చూపించి హెచ్చరించాలని నలుగురం అనుకుంటున్నాం. సభ్యుల పట్టీలోంచి పేరు తీసేయమని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, సమాజంగా కూడుకోవడం మానవద్దన్న ఆ వచనం చూపించే ముందు దాని పక్కనున్న 24వ వచనం కూడా చదవండి. ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోవాలని ఉంటుంది. ఇంకాస్త కిందికి, 34 దాకా వెళితే, ఆ పత్రిక అందుకున్నవారు ఖైదులో ఉన్నవారి కష్టంలో పాలుపంచుకున్నారనీ, ఆస్తులు పోయినా సంతోషంగా ఓర్చుకున్నారనీ తెలుస్తుంది. అటువంటివారికి రాసిన మాటను ముసలామెకు సేవ చేస్తున్న కోడలి మీద ప్రయోగిస్తామా?

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అందుకని మీ ఉత్తరం చదువుతుంటే నా ధ్యాస వచనం మీద కన్నా ఆ మంచం మీదే ఉంది. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కందిపోయి పుళ్లు పడతాయి. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగడం కూడా కష్టమవుతుంది. కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. తొందరపడితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక పక్కబట్టల సంగతి చెప్పనక్కర్లేదు. మీ ఆరాధన ఎంతసేపు? పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం, కానుకలు, ప్రకటనలు అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుందనుకుంటాను. అంతసేపూ ఆవిడ పక్క ఎవరు మారుస్తారు? సంత అంటారా, కూరగాయలు సంచిలో వేసుకుని అరగంటలో ఇంటికి పరుగెత్తి ఉంటుంది. ఇంట్లో వండాలి కదా!

రాలేనివారు సంఘానికి కొత్త కాదు. క్రీ.శ. 150 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, ఆదివారం తాము ఎలా కూడుకుంటారో చక్రవర్తికి రాసిన విజ్ఞాపనలో వివరించాడు. రొట్టె, ద్రాక్షారసం అక్కడున్నవారంతా పుచ్చుకున్నాక, రానివారికి పరిచారకులు తీసుకువెళ్లి ఇచ్చేవారట. మన సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లోనూ రోగులకు ఇంటి దగ్గరే ఈ రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం ఇచ్చే క్రమం ఉంది. పాస్టరు గారిని అడగండి, అత్తాకోడళ్లిద్దరికీ అక్కడే ఇవ్వమనండి. రోగి పిలిస్తే పెద్దలు వచ్చి ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక 5:14 చెబుతోంది. ఆ వచనం చూపించి పెద్దలను హెచ్చరించినవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

మీరు తప్పకుండా వెళ్లండి. గుంపుగా వెళ్లకండి, కుర్చీలు వేయడం, టీ పెట్టడం ఆమె నెత్తినే పడుతుంది. ఇద్దరు చాలు, అదీ ముందు ఫోను చేసి. ఎందుకు రావడం లేదని అడగవద్దు, కారణం మీ ఉత్తరంలో మీరే రాశారు. బైబిల్లో, కష్టాల్లో ఉన్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు విప్పాకే చెడింది. పక్క మార్చేటప్పుడు ఒక చేయి వేయండి. సంఘంలో ఎవరి మాటకో ఆమె మనసు నొచ్చుకుని ఉంటే అది కూడా అప్పుడే బయటికి వస్తుంది, వచనం తెరిచి నిలబడితే రాదు.

తర్వాత వంతులు వేసుకోండి. ఆదివారం ఇద్దరు అత్తగారి దగ్గర ఉంటే ఆమె మందిరానికి వెళ్లి వస్తుంది. అంటే ఆ వారం ఆ ఇద్దరికీ ఆరాధన ఉండదు, వాళ్ల మీద ఎవరు 10:25 తీస్తారో చూద్దాం! ఆ మూడు గంటలూ నిద్రపోతానని ఆమె అంటే పడుకోనివ్వండి. ఎన్ని రాత్రులుగా కంటి నిండా నిద్ర లేదో. ప్రార్థన అంశాల్లో ఆమె పేరు మైకులో చదవవద్దు.

మీ సంఘంలో రాలేనివారు ఇంకా ఉండవచ్చు: రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్, మెట్లెక్కలేని పెద్దావిడ, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి అక్కడ శుక్రవారం జరిగే కూటానికైనా సెలవు దొరకని అమ్మాయి. 2020 లాక్‌డౌన్‌లో మనమంతా ఇంట్లో కూర్చుని ఫోనులోనే ఆరాధన చేశాం కదా, అప్పుడు ఎవరినీ విశ్వాసంలో చల్లారిపోయారని అనలేదు.

ఇక పట్టీ సంగతి. పేరు అలాగే ఉంచండి. మందులకు, డైపర్లకు ఆ ఇంట్లో ఎంతవుతోందో కనుక్కుని, ఈ నెల సమాజం డబ్బులోంచి కొంత మీరే ఇచ్చి రండి. చందా ఆమె మళ్లీ ఇవ్వగలిగినప్పుడు ఇస్తుంది.