బూడిద ఇటుక గోడ ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: మంగళగిరి దగ్గర ఇల్లు మొదలుపెట్టాం. బూడిద ఇటుక వాడదామంటే మేస్త్రీ వద్దంటున్నారు. పక్క వీధిలో ఆ ఇటుకతో కట్టిన ఇంటి గోడలు ఏడాది తిరగకుండానే నెర్రెలిచ్చాయి. కాలిపోయిన బొగ్గు తాలూకు బూడిదకు అసలు బలం ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మేస్త్రీ భయం కళ్లారా చూసిన అనుభవంలోంచి పుట్టింది కనుక దాన్ని నేను కొట్టిపారేయను. అయితే ఇలాంటి పగుళ్లలో చాలావాటికి కారణం బూడిద కాదు, గట్టిపడకముందే లారీ ఎక్కించిన ఇటుక.

థర్మల్ కేంద్రంలో మెత్తగా పొడిచేసిన బొగ్గు మండినప్పుడు అందులోని మట్టి అంశం కరిగి, పొగతోపాటు పైకి లేచి, గాజులాంటి సన్నని గుండ్రని రేణువులుగా చల్లారుతుంది. చిమ్నీ దాటకముందే యంత్రాలు పట్టుకునే ఆ పొడే ఫ్లైయాష్. అందులోని సిలికా, తడి ఉన్నంతకాలం, సున్నంతో కలిసి సిమెంటులో ఏర్పడేలాంటి బంధాన్నే ఏర్పరుస్తుంది. విశాఖపట్నం పరిశోధకులు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి రూపొందించిన ఫాల్‌-జి పద్ధతికి ఆధారం ఈ గుణమే. సున్నానికి బదులు సిమెంటు వేసినా, అది నీటితో కలిసినప్పుడు కొంత సున్నాన్ని విడుదల చేస్తుంది కనుక, జరిగేది అదే.

అందువల్ల మట్టి ఇటుకకు బట్టీలో నిప్పు చేసే పనిని బూడిద ఇటుకకు నీరు చేయాలి. అచ్చు నుంచి తీసిన ఇటుకను రెండు మూడు వారాలు గోనెపట్టాలు కప్పి, నీళ్లు కొడుతూ ఉంచి, ఆ తర్వాత ఆరనివ్వాలి. గిరాకీ రోజుల్లో నాలుగో రోజుకే లోడు పంపేవాళ్లున్నారు. ఆ పచ్చి ఇటుక గోడలోకి వెళ్లాక ఆరుతూ కుంచించుకుపోతుంది, పగులు అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగుతుంది.

బూడిద ఏ రకమో కూడా అడగండి. నీళ్లతో కలిపి చెరువులోకి వదిలిన బూడిద మోటుగా ఉంటుంది, సున్నంతో అంతగా కలవదు. దాన్ని ఇసుక స్థానంలో కొంత వేయవచ్చు గాని అదే ప్రధాన సరుకైతే ఇటుక గోటికి రాలుతుంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం మీకు దగ్గరే కనుక పొడి బూడిద తెప్పించుకోవడం తయారీదారుకు దూరాభారం కాదు.

కొనేముందు మీరే వెళ్లి, వాళ్లు చేతికిచ్చినవి కాకుండా కుప్ప మధ్య నుంచి నాలుగైదు ఇటుకలు ఏరుకోండి. ఒకదాన్ని పగలగొట్టి చూస్తే లోపల రంగు అంతటా ఒకేలా ఉండాలి, తెల్లటి సున్నపు గడ్డలు కనిపించకూడదు. అవి తర్వాత తడి తగిలి ఉబ్బి ప్లాస్టరింగును ఊడగొడతాయి. ఇంకోదాన్ని బాగా ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి మళ్లీ తూచండి. ఇళ్లకు వాడే సాధారణ తరగతి ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని ఐఎస్ 12894 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. అంటే మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. కట్టేటప్పుడు ఇటుకను తడిపితే చాలు, తొట్టిలో నానబెట్టవద్దని మేస్త్రీకి చెప్పండి. పిల్లరూ గోడా కలిసే చోట చికెన్ మెష్ (సన్నని తీగల వల) వేశాకే ప్లాస్టరింగు చేయించండి.

ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. వెయ్యి మట్టి ఇటుకలకు మూడు టన్నులకు పైగా మట్టి కావాలి, అందులో చాలావరకు పంట పండే పైమట్టి. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలపాలని కేంద్రం 1999లో ఆదేశించింది కూడా ఆ పైమట్టిని కాపాడటానికే. మన బొగ్గు వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల దాకా బూడిదే మిగులుతుంది. అది గోడల్లోకి వెళ్లకపోతే ఊళ్ల పక్కన చెరువులు చెరువులుగా పేరుకుపోతుంది.

ప్రశ్న: గాజువాకలో శ్లాబుకు స్లాగ్ సిమెంటు వాడవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: నిస్సందేహంగా వాడవచ్చు. ఇనుము కరిగించే కొలిమి నుంచి కరిగిన వ్యర్థంగా వచ్చే స్లాగ్‌ను నీటి ధారలతో ఒక్కసారిగా చల్లారిస్తే ఇసుకలాంటి గాజు పలుకులవుతుంది. దాన్ని మెత్తగా పొడిచేసి సిమెంటులో 25 నుంచి 70 శాతం వరకు కలపడానికి ఐఎస్ 455 అనుమతిస్తుంది. ఉప్పుగాలి తగిలే మీ ప్రాంతంలో లోపలి ఇనుప చువ్వలను తుప్పు నుంచి కాపాడటంలో ఇది మామూలు సిమెంటు కంటే మెరుగు. తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది కనుక సెంట్రింగ్ విప్పడానికి తొందరపడకండి. శ్లాబు మీద కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు నీళ్లు నిలబెట్టండి.