ఆ రెండు మీటర్ల రంధ్రం కథలో లోపం కానే కాదు

"1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్‌లో అంత పెద్ద డెత్ స్టార్ అనే అంతరిక్ష కోట ఒక చిన్న రంధ్రంలో టార్పెడో పడగానే పేలిపోవడం నమ్మశక్యంగా ఉందా? ఆ సినిమాలో అతి పెద్ద కథాలోపం ఏమిటి?" అని అడిగారు. నమ్మశక్యంగానే ఉంది. అసలు లోపం వేరే చోట ఉంది. దాన్ని పట్టుకున్నది నేను కాదు, పదకొండేళ్ల మా బావమరిది కూతురు. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు ఆ రంధ్రం మాట తేలాలి.

నేను ఇరవై రెండేళ్లుగా థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేస్తున్నాను. ఆ రంధ్రాన్ని చూసి జనం నవ్వినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వేడి పుట్టించే యంత్రం ఏదైనా, ఆ వేడి బయటికి పోయే దారి ఉండి తీరాలి. 500 మెగావాట్ల యూనిట్‌లో బొగ్గు నుంచి వచ్చే వేడిలో కరెంటుగా మారేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగిలింది కూలింగ్ టవర్ల నుంచీ, 275 మీటర్ల చిమ్నీ నుంచీ ఆకాశంలో కలవవలసిందే. మామూలు కరెంటుకే ఇంత తంతు ఉంటే, గ్రహాన్ని ఒక్క దెబ్బతో పొడి చేసే రియాక్టర్‌కు పొగగొట్టం ఉండకూడదా? అది లేకుండా సినిమా తీసి ఉంటే అప్పుడు నేను లోపం అనేవాణ్ణి.

కిందటి సంక్రాంతికి తెనాలిలో మా అత్తగారింట్లో ఈ గొడవ పెద్దదే అయింది. కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలకు ఇంకా గంట ఉందనగా, మా బావమరిది తన కూతురికి ఆ సినిమా చూపిస్తున్నాడు. యుద్ధానికి ముందు తిరుగుబాటుదారుల జనరల్ డొడోనా పైలట్లకు డెత్ స్టార్ నక్షా చూపించి, లక్ష్యం రెండు మీటర్ల వెడల్పు మాత్రమేనని చెప్పే చోట సినిమా ఆపేశాడు. "బావగారూ, ఇక్కడే కథ కుప్పకూలింది. రంధ్రం నుంచి రియాక్టర్ దాకా తిన్నగా గొట్టం వేసినవాడు ఇంజినీరేనా? కనీసం ఒక జాలీ అయినా బిగించలేదు" అన్నాడు.

మా వృత్తిని అంటే ఊరుకోలేను. వంటింట్లోకి వెళ్లి కుక్కర్ మూత పట్టుకొచ్చాను. ఐదు లీటర్ల పాత కుక్కర్ అది, అంచు దగ్గర సొట్ట, గాస్కెట్ నల్లబడి ఉంది. వెయిట్ తీసి పక్కన పెట్టి, మూతను కిటికీ వెలుగుకు ఎత్తి, ఆ సన్నటి గొట్టంలోంచి చూడమన్నాను. అగ్గిపుల్ల కూడా కష్టంగా దూరే రంధ్రం, అవతలి వెలుగు చుక్కలాగా కనబడుతోంది. "ఇది తిన్నగా ఎందుకుంది? వంకరగా ఉంటే పప్పు పొట్టు ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఏమవుతుంది?" అన్నాను.

"పేలుతుంది" అంది పిల్ల.

వాళ్ల నాన్న వదల్లేదు. జాలీ మాట మళ్లీ ఎత్తాడు. ఆ వేడికి జాలీ కరుగుతుంది, కరగకపోతే మసి పట్టి మూసుకుపోతుంది. వంపులు పెట్టాలంటే ఒక్కో వంపు దగ్గర ఒత్తిడి తరిగిపోతుంది, పొగను లాగడానికి మరింత పెద్ద ఫ్యాన్లు కావాలి. మా బాయిలర్ వెనకాల ఆ ఫ్యాన్లు ఎంతెంత ఉంటాయో, ఎంత కరెంటు మింగుతాయో వాడికి చెబుతున్నాను. ఇంతలో మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "అల్లుడుగారూ, పప్పు ఇంకా పొయ్యెక్కలేదు, ఆ మూత ఇలా ఇవ్వండి" అన్నారు. ఇచ్చేశాను. కానీ వాదన అక్కడితో ఆగలేదు.

పైగా సినిమాలోనే జవాబులున్నాయి, వినే ఓపిక ఉండాలి. ఆ గొట్టానికి కిరణాల ఆయుధాలు దూరకుండా కవచం ఉంది, అందుకే ప్రోటాన్ టార్పెడోలు వాడవలసి వచ్చింది. స్టేషన్ రక్షణ మొత్తం పెద్ద ఓడల దాడిని ఊహించి కట్టింది, ఒక్క మనిషి నడిపే చిన్న విమానాన్ని వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. ఇవన్నీ డొడోనా తన నోటితోనే చెబుతాడు. ఈ ముక్కలు చెవిన పడకుండా పాప్‌కార్న్ నములుతూ కూర్చుని, తరువాత లోపం కనిపెట్టామంటే ఎలా?

చిన్న రంధ్రం పెద్ద యంత్రాన్ని పడగొట్టడం కల్పన అనుకునేవారు ఒకసారి మా కంట్రోల్ రూమ్‌లో రాత్రి షిఫ్టు చేయాలి. బాయిలర్ ట్యూబుకు గుండుసూది మొనంత చిల్లు పడితే చాలు. లోపలి నుంచి దూసుకొచ్చే ఆవిరి కత్తిలాగా పక్క ట్యూబును కోస్తుంది, అది దాని పక్కదాన్ని. మొదట నీటి ఖర్చు లెక్కలో చిన్న తేడా కనిపిస్తుంది, తరువాత బాయిలర్ గోడ దగ్గర చెవి పెడితే బుస వినిపిస్తుంది. ఆ బుస విన్న రోజు అన్నం సహించదు. 500 మెగావాట్ల యూనిట్ ఆపి, చల్లార్చి, లోపలికి మనుషులను దించి వెల్డింగ్ చేసేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. అంతా గుండుసూది మొన చేసిన పని!

నాకు నిజంగా బాధ కలిగించింది 2016లో వచ్చిన రోగ్ వన్ అనే మరో స్టార్ వార్స్ సినిమా. అందులో ఆ బలహీనతను గాలెన్ ఎర్సో అనే శాస్త్రవేత్త కావాలనే దాచి పెట్టాడని చూపించారు. ముప్పై తొమ్మిదేళ్లు జనం నవ్వారు కదా అని అతుకు వేశారు. సినిమాగా బాగుంది, కాదనను. కానీ ఆ అతుకు అవసరం లేదు. అది కథలోని నిజాన్ని తీసేసింది. పెద్ద యంత్రాలు కూలడానికి లోపల ద్రోహి ఉండనక్కర్లేదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురు పోయారు. కారణం చలికి బిగుసుకుపోయిన రబ్బరు రింగు. చలిలో వద్దని ఇంజినీర్లు ముందు రాత్రే మొత్తుకున్నారు, పైవాళ్లు వినలేదు. ద్రోహులెవరూ లేరు.

1977 సినిమాలో సరిగ్గా ఇదే ఉంది. వాళ్ల దాడిని పరిశీలించామనీ, ప్రమాదం ఉందనీ, మీ ఓడ సిద్ధం చేయమంటారా అనీ ఒక అధికారి డెత్ స్టార్ అధిపతి టార్కిన్‌ను అడుగుతాడు. గెలుపు ముంగిట ఖాళీ చేసి వెళ్లడమా అని టార్కిన్ కొట్టిపారేస్తాడు. ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. హెచ్చరికను చేతిలో పెట్టుకుని వచ్చినవాణ్ణి వెనక్కి పంపేసే ఆ ముఖాన్ని నేను ఒకటి కంటే ఎక్కువ మీటింగుల్లో చూశాను. ఆ ఒక్క మాటలోనే డెత్ స్టార్ కూలిపోయింది, టార్పెడో తరువాత వచ్చింది.

అదే సినిమాలో ఓడ నడిపే హాన్ సోలో పార్సెక్కుల వ్యవహారమూ ఇంతే. పార్సెక్ దూరానికి కొలత, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. దాన్ని కాలంలాగా వాడి, పన్నెండు పార్సెక్కుల లోపే వెళ్లానని గొప్పలు చెబుతాడు. కోతలు కోసే మనిషి కోతలు కోశాడు, ఎదురుగా కూర్చున్న ముసలి యోధుడు ఓబీవాన్ ముఖం చూస్తే తెలిసిపోతుంది. దానికీ 2018లో మరో సినిమాలో వివరణ కట్టారు. అంతరిక్షంలో శబ్దం ఎలా వినిపిస్తుందని అడిగేవారి జోలికి నేను వెళ్లను. త్రిశంకుడు తలకిందులుగా వేలాడుతుంటే భూమ్యాకర్షణ గురించి మనవాళ్లు ఎవరూ అడగలేదు.

ఇక మా బావమరిది కూతురి సంగతి. మేమిద్దరం గొంతులు పెంచుకుంటుంటే అది రిమోట్ తీసుకుని సినిమాను మొదటికి తిప్పింది. తిరుగుబాటుదారుల పక్షాన ఉన్న లేయా దొంగిలించిన డెత్ స్టార్ నక్షాలను ఆర్‌టూ అనే రోబోలో దాచి పెట్టింది, అదీ దాని తోటి రోబో కలిసి ఆపదలో తప్పించుకోవడానికి ఉండే చిన్న పాడ్ ఎక్కి ఓడ నుంచి జారిపోయారు. వాళ్లను పట్టుకున్న, డెత్ స్టార్ కట్టిన సామ్రాజ్యం ఓడలో తుపాకీ దగ్గరున్నవాడు పేల్చబోతే పక్కనున్న అధికారి ఆపేశాడు. లోపల ప్రాణమున్నదేదీ లేదట, షార్ట్ సర్క్యూట్ వల్ల అదే ఊడిపోయి ఉంటుందట.

"మామయ్యా, వాళ్లు వెతుకుతున్నది మనిషిని కాదు కదా, నక్షాలను కదా? పెన్‌డ్రైవ్‌కు ప్రాణం ఉంటుందా?" అంది.

బావమరిది నా వైపు చూశాడు. నేను ఆ దృశ్యాన్ని మూడుసార్లు వేయించుకుని చూశాను. వీధికో రోబో తిరిగే లోకం అది. అంతకుముందే బయటపడిన పాడ్లను వాళ్లు గమనించారు కూడా, ఇదిగో మరొకటి అంటాడు తుపాకీవాడు. దొంగిలించిన సమాచారం కోసం ఒక ఓడనే పట్టుకున్నవాళ్లు, ఆ ఓడలోంచి జారిన పెట్టెను ఒక్క గుండు ఖర్చు పెట్టకుండా వదిలేశారు. ఆ గుండు పేలి ఉంటే చివర్లో టార్పెడో వేసిన లూక్ పొలంలోనే ఉండిపోయేవాడు, నేను ఇంతసేపు వాదించిన రంధ్రం గురించి ఎవరికీ తెలిసేదే కాదు. కాసేపటికే సామ్రాజ్యం తరఫున దాడి నడిపిన డార్త్ వేడర్ నక్షాలు ఆ పాడ్‌లోనే ఉండి ఉంటాయని గ్రహించి సైనికులను కిందికి పంపుతాడు. ఆయనకు తట్టినది ఆ అధికారికి ఎందుకు తట్టలేదో బాయిలర్ ఉదాహరణతో చెప్పడానికి ఆ రోజంతా ప్రయత్నించాను. పిల్ల ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఆ పాడ్. రంధ్రం జోలికి వెళ్లకండి.