అమెరికా అంతర్యుద్ధంలో మామూలు సైనికుడి జీతంతో ఇల్లు గడిచేదా?

చాలా ఇళ్లలో గడిచేది కాదు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో మామూలు సైనికుడికి నెలకు 13 డాలర్లు. 1864లో 16 చేశారు. అదీ ఒక్కోసారి నెలల తరబడి చేతికి వచ్చేది కాదు. దాంతో పొలం పని, అప్పుల టెన్షన్ భార్య మీదే పడేవి.

నల్లజాతి సైనికులకైతే మరీ అన్యాయం: 10 డాలర్లని చెప్పి, బట్టలకని 3 కోసేవారు. నల్లజాతి సైనికుల దళమైన మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ వాళ్లు ఆ జీతమే వద్దన్నారు. ఇంటి దగ్గర ఆకలి ఉన్నా సరే, పట్టు విడవలేదు. 1864లో గానీ అమెరికా చట్టసభ కాంగ్రెస్ జీతాలు సమానం చేయలేదు.

యుద్ధరంగంలో చనిపోతేనే భార్యకు పింఛను వచ్చేదని చాలామంది అనుకుంటారు. కానీ 1862 చట్టం ప్రకారం సైన్యంలో ఉండగా సోకిన జబ్బుతో పోయినా నెలకు 8 డాలర్లు ఇచ్చేవారు. అసలు ఎక్కువమంది పోయింది జబ్బులతోనే. దక్షిణాది సైనికుల వితంతువులకు మాత్రం ఈ పింఛను లేదు.