ఐదు బాకాల మేళానికి పాత టీవీ బాణీలు

ప్రశ్న: మాది విజయనగరం. మా ఐదుగురిలో ముగ్గురం పెళ్లి బ్యాండులో వాయించేవాళ్లం, ఒకాయన సైనిక బ్యాండులో పనిచేసి విరమించినవారు, ఐదోవాడు మా అన్నయ్య కొడుకు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక ఆ నెల రోజులూ సాధన చేసి, రెండు ట్రంపెట్లు, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, ట్యూబాలతో పాత టీవీ ధారావాహికల టైటిల్ సంగీతాన్ని ఒక సభలో వినిపించాలని అనుకున్నాం. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్న ‘మిషన్ ఇంపాజిబుల్’ నొటేషన్ ఎన్నిసార్లు వాయించినా పేలవంగానే ఉంటోంది. లోపం మాలో ఉందా, కాగితంలో ఉందా? మంచివి ఎలా వెతుక్కోవాలి? మన దూరదర్శన్ బాణీలకు కూడా ఇలాంటివి దొరుకుతాయా? మొదటి పుటలు జతపరిచాను.

జవాబు: లోపం కాగితంలోనే ఉంది. మీరు పంపిన పుటలను బల్ల మీద పరుచుకొని, ఒక్కొక్కరి భాగాన్నీ విడిగా పాడుకుంటూ చూశాను. లాలో షిఫ్రిన్ 1966లో ఈ ధారావాహికకు సంగీతం కూర్చినప్పుడు బార్‌కు, అంటే నొటేషన్‌లో ఒక గడికి, ఐదు లెక్కలు పెట్టారు. వాటిని సగాలు చేస్తే పది అవుతాయి, ఆ పదీ ‘తకిట తకిట తక తక’ అని నడుస్తాయి. ఆ కుంటినడకలోనే దాని ఉత్కంఠ అంతా ఉంది. మీ కాగితం మీద బార్‌కు నాలుగు లెక్కలే ఉన్నాయి. 1996లో వచ్చిన సినిమా కోసం చేసిన నృత్య రూపం కూడా నాలుగు లెక్కలదే కాబట్టి దాన్ని తప్పు అనలేం గాని, మీరు కోరుకున్న పాత టీవీ బాణీ మాత్రం అది కాదు. మన లయ జ్ఞానానికి ఐదు లెక్కల ఖండగతి కొత్తది కాదు. చేత్తో తాళం వేస్తూ పై జతిని నోటితో నాలుగుసార్లు చెప్పుకుంటే మీ మేళం రెండు రోజుల్లో దానికి అలవాటుపడుతుంది.

అంతకంటే పెద్ద లోపం హార్న్ భాగంలో కనిపించింది. మొదటి పదహారు బార్లలో హార్న్ ఊదేవారికి రెండే స్వరాలు ఇచ్చారు, అవి కూడా ఎదురులెక్కల మీద. అదే సమయంలో మొదటి ట్రంపెట్‌కు ఒక్క లెక్క విరామం కూడా లేదు, పైగా బాణీ అంతా తారస్థాయిలోనే ఉంది. వీణ వాయించేవారి వేళ్లు అలసినా నాదం నిలబడుతుంది, బాకా ఊదేవారి పెదవులు అలసితే మాత్రం నాదమే పోతుంది. అమరిక (బాణీని మీ వాద్యాలకు పంచి రాసిన నొటేషన్) కొనేముందు ధర కంటే ముందు చూడవలసింది ఇదే: మొదటి ట్రంపెట్‌కు పెదవి దించుకొనే చోటు ఉందా, ఆ చోట బాణీని హార్న్‌కో ట్రాంబోన్‌కో అప్పగించారా? టైటిల్ సంగీతం సాధారణంగా నిమిషానికి మించదు. దాన్ని రెండు మూడు నిమిషాలు నడిపించాలంటే బాణీ చేతులు మారాలి, లేదా శ్రుతి మారాలి. అవి రెండూ లేని అమరిక ఒకే చరణాన్ని మూడుసార్లు పాడించినట్టు ఉంటుంది.

ట్యూబాను కూడా విస్మరించవద్దు. హెన్రీ మాన్చీనీ 1958లో ‘పీటర్ గన్’ ధారావాహికకు కట్టిన బాణీ కింద ఒకే పలుకు ఆగకుండా మొదటి నుంచి చివరి దాకా తిరుగుతూ ఉంటుంది. దాన్ని గిటార్ మీద వాయించడం తేలికే, ట్యూబా ఊదేవారికి మాత్రం ఊపిరి తీసుకొనే సందు ఉండదు. తెలిసిన వారు రాసిన అమరికలో ఆ పలుకును ట్యూబా, ట్రాంబోన్ వంతులవారీగా పంచుకుంటాయి. నమూనా పుటలు చూపించని అమ్మకందారు దగ్గర కొనవద్దన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఆ ఒక్క పుటలోనే ఇవన్నీ బయటపడిపోతాయి.

వెతికేటప్పుడు ‘బ్రాస్ క్వింటెట్’ (ఐదు బాకాల పంచకం) అన్న మాటనే వాడండి. ‘బ్రాస్ బ్యాండ్’ అని వెతికితే ఇరవై ఐదుకు పైగా వాద్యాలు ఉండే బ్రిటిష్ పద్ధతి మేళాలవి వస్తాయి, ‘బ్రాస్ ఎన్‌సెంబుల్’ అంటే తరచుగా పది మందివి వస్తాయి. 1970లో టొరంటోలో మొదలైన కెనడియన్ బ్రాస్ బృందం పేరిట అచ్చయిన అమరికలు మీ ఐదు వాద్యాలకే రాసినవి. వాటిని ముందుగా వినండి. వారు వాయించిన రికార్డింగులు దొరుకుతాయి గనుక, కాగితం చూడకముందే పంచకం ఎలా మోగాలో చెవికి తెలుస్తుంది.

అయితే మీరు అసలు మొదలుపెట్టవలసింది ఇంకోచోట అని నా సలహా. టీవీ బాణీలుగా లోకం గుర్తుపట్టే కొన్ని, నిజానికి టీవీ పుట్టకముందు రాసినవి. అమెరికాలో 1971లో మొదలైన ‘మాస్టర్‌పీస్ థియేటర్’ కార్యక్రమానికి ముందు వచ్చే ట్రంపెట్ సంగీతం, 1738లో మరణించిన ఫ్రెంచి స్వరకర్త మూరే రాసిన రోండో. సినీ దర్శకుడు హిచ్‌కాక్ టీవీ ధారావాహికలో ఆయన లావుపాటి నీడ నడిచి వచ్చేటప్పుడు వినిపించేది స్వరకర్త గూనో రాసిన ‘ఒక తోలుబొమ్మ శవయాత్ర’ సంగీతం. కౌబాయ్ ధారావాహిక ‘లోన్ రేంజర్’లో గుర్రం పరుగెత్తింది రొస్సీనీ 1829 నాటి ‘విలియం టెల్’ మీద. బ్రిటిష్ హాస్య బృందం ‘మాంటీ పైథాన్’ వాడుకున్నది సూసా 1893లో రాసిన ‘లిబర్టీ బెల్’ కవాతు. అది మూడేసి లెక్కల తిశ్రగతిలో నడుస్తుంది కాబట్టి పెళ్లి ఊరేగింపుల్లో అలవాటైన మీ కాళ్లు దానికి వాటంతట అవే కదులుతాయి. మన చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్ల వరకే హక్కు ఉంటుంది గనుక ఈ నలుగురి బాణీలూ ఎవరైనా వాడుకోదగినవి. ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత స్వరలిపి భాండాగారంలో ఆ కృతి పుటకు వెళ్లి, అమరికల విభాగంలో ఐదు బాకాలవి ఉన్నాయేమో వెతకండి. బాణీ పాతదైనా అమరిక చేసినవారికి దాని మీద విడిగా హక్కు ఉండవచ్చు, కాబట్టి పక్కనే రాసి ఉండే షరతులు చదివి దించుకోండి. మూరే రోండోతో సభ ప్రారంభిస్తే, గంటస్తంభం దాకా వినిపించేంత మోత ఐదుగురి నుంచే ఎలా వచ్చిందని వచ్చినవారు ఆశ్చర్యపోతారు.

ఇక దూరదర్శన్ సంగతి. పండిట్ రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కూర్చిన ఆ గుర్తు సంగీతాన్ని గాని, ఎల్. వైద్యనాథన్ ‘మాల్గుడి డేస్’కు కట్టిన బాణీని గాని తయారు అమరికల కోసం వెతికి కాలం వృథా చేసుకోవద్దు. వాటిని మీరే రాయించుకోవడం మేలు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో, విన్న బాణీకి స్వరాలు రాసిపెట్టేవారు దొరక్కపోరు. షడ్జమాన్ని ఆరున్నర శ్రుతిలో (బి ఫ్లాట్) పెట్టించండి. అప్పుడు ట్రంపెట్లకు అది సి గానూ, హార్న్‌కు ఎఫ్ గానూ రాయాలి, ట్రాంబోన్‌కూ ట్యూబాకూ బి ఫ్లాట్ గానే రాయాలి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: ప్రతి స్వరం కిందా పాశ్చాత్య పద్ధతిలో మూడేసి స్వరాలు పేర్చితే రాగం చచ్చిపోతుంది. ట్యూబా, ట్రాంబోన్ శ్రుతిపెట్టెలాగా స-ప పట్టుకొని నిలబడనివ్వండి. హార్న్ బాణీ ఎత్తుకోవాలి, రెండో ట్రంపెట్ మ్యూట్ (నాదాన్ని తగ్గించే మూత) పెట్టుకొని వాక్యం చివర మాత్రమే బదులు పలకాలి. షెహనాయి గొంతుకు హార్న్ దూరపు చుట్టమే అయినా, ట్రంపెట్ కంటే దగ్గరిది. ఈ బాణీలకు హక్కుదారులు ఉన్నారు కాబట్టి అమరిక చేసి వాడుకోవడానికి వారి అనుమతి తీసుకోండి, ఆ కాగితాలను అచ్చువేసి అమ్మవద్దు.

ప్రశ్న: (ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా) మా దగ్గర ట్రాంబోన్ లేదు, యుఫోనియం ఉంది. ఫ్రెంచ్ హార్న్ బదులు ‘ఈ ఫ్లాట్’ (E♭) హార్న్ ఉంది. పంచకం అమరికలు వాయించవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా వాయించవచ్చు. యుఫోనియం నాదం మెత్తనిది, ట్రాంబోన్‌లోని పదును దానికి రాదు. చురుకైన కవాతులకు అది కొంత లోటే. జారుడు గీత గీసి ఉన్నచోట ట్రాంబోన్ కర్ర లాగినట్టు మీటల వాద్యం జారలేదు, అక్కడ వేగంగా స్వరాలు పలికి సరిపెట్టుకోండి. మీ యుఫోనియం వాద్యకారుడు ట్రంపెట్ వాళ్లు చదివే పై క్లెఫ్ (గీతల మీద స్వరస్థానాలను తెలిపే గుర్తు) మాత్రమే చదవగలిగితే, బేస్ క్లెఫ్‌లో ఉన్న ట్రాంబోన్ భాగాన్ని తిరిగి రాయించుకోక తప్పదు. హార్న్ భాగాన్ని మాత్రం ప్రతి స్వరాన్నీ ఒక పూర్తి మెట్టు పైకి జరిపి రాసుకోవాలి: ఎఫ్ ఉన్నచోట జి, జి ఉన్నచోట ఏ. కొత్త కాగితం మీద ‘ఈ ఫ్లాట్’ అని పెద్దక్షరాలతో రాసి, పాతదాన్ని సంచిలోంచి తీసేయండి. రెండూ ఒకే సంచిలో ఉంటే సభ రోజున చేతికి వచ్చేది పాతదే.