వంటింటి ప్రశ్నలు – జవాబులు: ఐరిష్ పండుగ భోజనం

ప్రశ్న: ఉద్యోగరీత్యా మేము డబ్లిన్‌లో ఉంటున్నాము. మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే సెలవు నాడు, ఎదురింటి ఐరిష్ దంపతులను మధ్యాహ్న భోజనానికి పిలిచాము. వారి సంప్రదాయ వంటలే చేసి పెట్టాలని నా కోరిక. ఎక్కడ చదివినా క్యాబేజీతో కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం) అనే ఉంది. మా ఇంట్లో గొడ్డు మాంసం వండము. అది లేకుండా పండుగ భోజనం అనిపించుకుంటుందా? నేను చేసే సోడా బ్రెడ్ పైన రాయిలా, లోపల పచ్చిపిండిలా ఎందుకు వస్తోంది?
– ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: నిస్సందేహంగా అనిపించుకుంటుంది. కార్న్‌డ్ బీఫ్ ఐర్లాండ్‌లో కంటే అమెరికాలో స్థిరపడిన ఐరిష్ కుటుంబాలలో పాతుకుపోయిన పండుగ వంటకం. 17, 18 శతాబ్దాలలో కార్క్ రేవు నుంచి ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం పీపాలకొద్దీ ఎగుమతి అయిన మాట నిజమే కానీ, ఆ దేశపు పేద రైతుకు ఆవు అంటే పాలూ వెన్నా. అతనికి మాంసం దొరికితే అది ఉప్పువేసి దాచుకున్న పంది మాంసమే. 1845లో బంగాళాదుంపలకు సోకిన తెగులుతో మొదలైన మహా కరువు కాలంలోనూ ఆ తరువాతా న్యూయార్క్ చేరిన వలసదారులకు, అక్కడి యూదుల మాంసపు దుకాణాలలో ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం అందుబాటు ధరకు దొరకడంతో, క్యాబేజీ పక్కన బేకన్ (ఉప్పులో ఊరిన పంది మాంసం) ఉండవలసిన చోటికి అది వచ్చి చేరింది. మీ అతిథులకు దాని లోటు తెలియకపోవచ్చు.

నా సలహా ఐరిష్ స్టూ. గొర్రెపిల్ల మెడ లేదా భుజం మాంసం ఎముకతో సహా ఒక కిలో, బంగాళాదుంపలు ఒక కిలో, ఉల్లిపాయలు అరకిలో, కొద్దిగా థైమ్ అనే సువాసన ఆకు, ఉప్పు, మిరియాలు, మునిగేటంత నీళ్లు, ఇంతే. సగం దుంపలను పలుచగా తరిగి మాంసంతోపాటే వేస్తే అవి కరిగి పులుసును చిక్కబరుస్తాయి. మిగిలిన సగాన్ని పెద్ద ముక్కలుగా చివరి నలభై నిమిషాలకు వేయండి. మొత్తం రెండు గంటలపాటు సన్నని మంట మీద, తెర్లకుండా, కేవలం కదులుతూ ఉడకాలి. క్యారెట్ వేయాలా వద్దా అన్నది ఐరిష్ ఇళ్లలో తెగని తగవు. నా మొగ్గు వేయకపోవడం వైపే. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వైపు మాత్రం చేయి పోనివ్వకండి, ఎందుకంటే ఈ వంటకానికి ఉన్న రుచంతా ఎముకలోని రసానిదే. ముందురోజే వండి చల్లార్చి, పైన పేరుకున్న కొవ్వు తీసేసి వేడి చేస్తే ఇంకా బాగుంటుంది.

పక్కన కోల్‌కానన్, అంటే ఆకుకూర కలిపి మెదిపిన బంగాళాదుంప, పెట్టండి. పాతకాలంలో దీనిని ముఖ్యంగా హాలోవీన్ నాడు, లోపల ఉంగరమో నాణెమో దాచి వడ్డించేవారు కానీ, ఇప్పుడు ఎప్పుడు చేసినా తప్పు లేదు. రూస్టర్ రకం బంగాళాదుంపలను తొక్కతో ఉడికించి, వేడివేడిగానే ఒలిచి మెదిపి, ఉల్లికాడలు వేసి కాచిన పాలు, విడిగా ఉడికించి నీరు పిండేసిన కేల్ అనే ఆకుకూర లేదా క్యాబేజీ కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేయాలి. వెన్న విషయంలో పొదుపు పనికిరాదు.

ఇక సోడా బ్రెడ్. ఐర్లాండ్ వాతావరణంలో పండే మెత్తని గోధుమలో గ్లూటెన్ (పిండికి సాగుడునిచ్చే ప్రోటీన్) తక్కువ, ఈస్ట్ రొట్టెకు అంతగా కుదరదు; 1830ల నుంచి వంటసోడా వాడుకలోకి రావడంతో, వెన్న చిలికాక మిగిలే మజ్జిగతో ఈ రొట్టె ఇంటింటా నిలిచిపోయింది. మజ్జిగలోని పులుపు తగలగానే సోడా నుంచి వాయువు పుట్టడం మొదలవుతుంది. చపాతీ పిండిలా మర్దించే అలవాటుతో మీరు ఆ వాయువును పోగొట్టి, పిండికి సాగుడు తెస్తున్నారేమోనని నా అనుమానం. 450 గ్రాముల మైదాలో ఒక్కొక్క టీ చెంచా సోడా, ఉప్పు, ఉండలు లేకుండా కలిపి జల్లించి, 350 నుంచి 400 మిల్లీలీటర్ల మజ్జిగ పోసి, వేళ్లతో గుండ్రంగా తిప్పి, పిండి ఒకటవగానే ఆపేయండి. అప్పటికే 230 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో, శిలువ ఆకారంలో లోతుగా గంటు పెట్టి 15 నిమిషాలు, 200 డిగ్రీలకు తగ్గించి మరో అరగంట ఉంచాలి. ఆ గంటు దయ్యాలు పోవడానికని పెద్దలు చెప్పినా, దట్టంగా ఉండే నడిమి భాగానికి వేడి అందడమే దాని అసలు ప్రయోజనం. అడుగున తట్టితే డొల్ల శబ్దం రావాలి. వెంటనే శుభ్రమైన గుడ్డలో చుడితే పైపొర మెత్తబడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఐర్లాండ్‌లోని గాల్వేలో చదువుకుని వచ్చాడు. సెలవులకు అక్కడి వంటకం ఏదైనా చేయమంటున్నాడు. మేము శాకాహారులం, ఓవెన్ కూడా లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ దేశంలోనే లైట్రిమ్, కావన్ ప్రాంతాల బాక్స్‌టీ మీకు సరిపోతుంది; అది పెనం మీద వేసే బంగాళాదుంప అట్టే. పచ్చి దుంప తురుమును గుడ్డలో గట్టిగా పిండి, అంతే కొలత మెదిపిన దుంప, అంతే మైదా, చిటికెడు సోడా, ఉప్పు, జారుడుగా అయ్యేటంత పుల్లమజ్జిగ కలిపి, వెన్న రాసిన పెనం మీద మధ్యస్థమైన మంటపై రెండువైపులా ఎర్రగా కాల్చండి. తురుమును పిండకుండా వేస్తే నీరు ఊరి అట్టు పెనానికి అంటుకుంటుంది. తురిమిన దుంప త్వరగా నల్లబడుతుంది కనుక, మిగిలినవన్నీ సిద్ధం చేసుకున్నాకే తురమడం మొదలుపెట్టండి.