ముందు ఆ బూట్లు అటక మీంచి దించండి

ప్రశ్న: మాది గుంతకల్లు. మావాడికి 16 ఏళ్లు. 800 మీటర్ల పరుగులో జిల్లాకు ఫస్టు వచ్చినాడు. టెన్త్ రాసిన వేసవిలోనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు, ఏఎల్ఎల్ అంట. ఎనిమిది నెలలుగా బెంగళూరులో వైద్యం. వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్, ఇంకా రెండేళ్లు మాత్రలు వాడాలన్నారు. వాళ్ల అవ్వ ఆటల మాటే ఎత్తొద్దంటోంది. స్పైక్స్ బూట్లు అటక మీద పెట్టేసినాం. ఎంపీసీలో చేర్చేద్దామా? స్పోర్ట్స్ కోటా ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: అన్నా, మీరు కాలేజీ గురించి అడిగారు గానీ నా కళ్లు ఆ అటక దగ్గరే ఆగిపోయాయి. బూట్లు దాచేశారంటే మీవాడికి ఒక తీర్పు చెప్పేసినట్టే, అదీ వాణ్ని అడక్కుండా. పరిగెత్తమని ఎవరూ అనడం లేదు. వాడి వస్తువు వాడి కంటికి కనబడనివ్వండి.

నేను డాక్టర్ని కాను. అయినా పరుగుకు సంబంధించి మీరు డాక్టరును అడగాల్సినవి మూడున్నాయి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వల్ల కాళ్లలో తిమ్మిర్లు, పాదం పైకి లేవకపోవడం కొందరిలో కనిపిస్తాయి. స్టెరాయిడ్ల వల్ల ఈ వయసు పిల్లల్లో తుంటి ఎముకకు రక్తం సరిగా అందక నొప్పి రావచ్చు. కుంటుతుంటే 'నీరసంలే' అనుకోకండి. మూడోది గుండె. డాక్సోరుబిసిన్, డౌనోరుబిసిన్ వంటి మందులు ఎక్కించి ఉంటే మొత్తం ఎంత డోసు పడిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. మళ్లీ ట్రాక్ ఎక్కే ముందు ఎకో (గుండె స్కాన్) తీసే డాక్టరు మొదట అడిగేది అదే.

ఇంకో కాగితం కూడా కావాలి. దీని గురించి ఊళ్లలో కోచ్‌లు కూడా చాలామంది ఆలోచించరు. మెయింటెనెన్స్‌లో ఇచ్చే డెక్సా, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు పోటీ సమయంలో నిషేధం ఉన్న మందులు. వైద్యం కోసమే వాడుతున్నామని నాడా (మన దేశంలో డోపింగ్‌ను అరికట్టే సంస్థ) దగ్గర మినహాయింపు తీసుకునే పద్ధతి ఉంది, దాన్నే టీయూఈ అంటారు. మందులు నడుస్తుండగా డాక్టరు సరేనన్నారు కదా అని ఏదో మీట్‌కు పంపేస్తే, జబ్బును గెలిచిన పిల్లోడు డోపింగ్‌లో ఇరుక్కుంటాడు. చీటీలన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి.

కోటా సంగతికొస్తే, మందులు ఆపేసరికి మీవాడికి 18 దాటుతాయి. అండర్-18 పోయినట్టే, అందులో దాపరికం లేదు. అండర్-20 లో కొంత కాలం మిగులుతుంది. ఆ తర్వాత యూనివర్సిటీ పోటీలున్నాయి. పాత సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవు, కానీ ఏ నోటిఫికేషన్‌లో ఎన్నేళ్ల లోపువి చెల్లుతాయో చూసుకోవాలి. ఒక్క కోటా మీదే ఇంటి లెక్కలన్నీ వేసుకోకండి.

ఎంపీసీ అన్నారు. ఎవరు అడిగారు ఎంపీసీ? పొద్దున ఆరుకు మొదలై రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టే కాలేజీలో, రక్తకణాలు తగ్గినప్పుడల్లా ఇంట్లో ఉండాల్సిన పిల్లోడు ఏం చదువుతాడు? ఏపీ ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించండి. సబ్జెక్టులు కొద్దికొద్దిగా పూర్తిచేసుకోవచ్చు, ఐదేళ్ల గడువుంటుంది. ఒకవేళ ఫిజియోథెరపీ మీద మనసుంటే మాత్రం బైపీసీ ఉండాలి. పీఈటీ, అంటే బడిలో ఆటల టీచరు కావాలంటే ఇంటర్ మీద డీపీఎడ్, డిగ్రీ మీద బీపీఎడ్ కోర్సు చేయాలి, రెండింటికీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో పరుగు పరీక్ష కూడా ఉంటుంది, కాబట్టి దాన్ని అన్నిటికన్నా సులువైన దారి అనుకోకండి.

ఈ రెండేళ్లూ వాడికి గ్రౌండ్‌తో తెగిపోకూడదు. కణాలు బాగున్న రోజు, డాక్టరు ఒప్పుకుంటే, సాయంత్రం స్టాప్‌వాచ్ చేతికిచ్చి కోచ్ పక్కన నిలబెట్టండి. చిన్నపిల్లల ల్యాప్ టైములు రాయనివ్వండి. వాడి టైము మాత్రం ఎవరూ తీయొద్దు. కోచ్‌కు ఈ మాట మీరే చెప్పండి.

నెదర్లాండ్స్ ఈతగాడు మార్టెన్ వాన్ డెర్ వైడెన్‌కు 2001 లో లుకేమియా వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. ఆ కథ చెప్పండి గానీ మధ్యలో ఏడేళ్లు ఉన్నాయన్నది కూడా చెప్పండి. 'నువ్వూ గెలవాలి' అని మాత్రం చివర్లో తగిలించకండి.

మాత్రల విషయం మీ ఇంట్లో ఎవరో ఒకరే చూడాలి. ఈ వయసులో ఒంట్లో బాగున్నట్టుంటే చాలు, మానేస్తారు. అలా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మెథోట్రెక్సేట్ వారానికొకసారి వేసేది, రోజూ వేసే మాత్రతో కలవకుండా విడిగా పెట్టండి.

బెంగళూరు రైలుకు ఆసుపత్రి సర్టిఫికెట్ చూపితే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో ఛార్జీ ఉండదు. తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఎనిమిది నెలలుగా పూర్తి టికెట్ కొంటున్నారేమోనని రాస్తున్నా. మిగిలిన డబ్బుతో స్టేషన్లో ఉగ్గాని మాత్రం కొనివ్వకండి, కణాలు పెరిగేదాకా ఇంటి డబ్బానే.

అవ్వను నేను తప్పుపట్టను. పరుగే పిల్లోణ్ని తిందని ఆమె భయం. ఈసారి ఆసుపత్రికి ఆమెనూ తీసుకెళ్లి, పరుగు వల్ల ఈ జబ్బు రాదని డాక్టరు నోటితోనే చెప్పించండి. మీ మాట కన్నా ఆ తెల్లకోటు మాట ఆమెకు పడుతుంది.

బూట్లు దించాక ఒకసారి తొడిగించి చూడండి. ఎనిమిది నెలల్లో పాదం పెరిగి ఉంటుంది. బిగుతైతే కొత్తవి ఇప్పుడే కొనొద్దు, ఏ నంబరు కావాలో వాణ్నే అడిగి రాసిపెట్టుకోండి.