స్కీయింగ్ సరే, చేయి విరిగితే అద్దె ఎవరు కడతారు?

ప్రశ్న: కెనడాలోని కాల్గరీ వచ్చి రెండేళ్లయింది. సొంత కంపెనీ పేరు మీద ఐటీ కాంట్రాక్టు చేస్తున్నాను. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. భార్య, ఏడేళ్ల పాప. రెండు చలికాలాలూ హీటర్ పక్కనే గడిచిపోయాయి. ఈసారి బాన్ఫ్‌లో స్కీయింగ్ నేర్చుకుందామని ఉంది. ముగ్గురికీ స్కీలు, బూట్లు, సీజన్ పాస్‌లు కలిపి 9,000 డాలర్లు. క్రెడిట్ కార్డు మీద తీసుకుని, నెలకు మిగిలే 900తో తీర్చేద్దామనుకుంటున్నా. నెల ఖర్చు 4,300, బ్యాంకులో ఉన్నది 3,200. ఇక్కడ వైద్యం ఉచితం కాబట్టి ఇన్సూరెన్స్ తీసుకోలేదు. అప్పు తీరాక మిగిలేది టీఎఫ్‌ఎస్‌ఏలో (రాబడి మీద పన్ను పడని ఇక్కడి ఖాతా) వేయాలా, హైదరాబాద్‌లో ఎఫ్‌డీ చేయాలా?

జవాబు: ముందు ఒక మాట. మంచులోకి వెళ్లడం తప్పు కాదు. ఐదు నెలలు తలుపులేసుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరికీ మనసు బాగుండదు. నా గొడవంతా 'వైద్యం ఉచితం' అన్న మీ మాటతోనే. కెనడాలో ఉన్న మనవాళ్ల నోట ఇది తరచూ వింటున్నాను.

ఆస్పత్రి, డాక్టరు ఖర్చు ప్రభుత్వం చూసుకుంటుంది, నిజమే. అంబులెన్స్ ఎక్కితే మాత్రం మీ అల్బర్టా రాష్ట్రంలో 385 డాలర్ల బిల్లు ఇంటికొస్తుంది. అదీ చిన్నదే. అసలు ఆగిపోయేది మీ సంపాదన. కాలు విరిగినా ల్యాప్‌టాప్ పని చేసుకోవచ్చు కదా అంటారేమో. చేతిలో కర్రతో పడినప్పుడు బొటనవేలి లిగమెంటు దెబ్బతినడం ఎంత మామూలంటే, దానికి 'స్కీయర్స్ థంబ్' అని పేరే పెట్టారు. తలకు దెబ్బ తగిలితే కొన్నాళ్లు స్క్రీన్ జోలికే వెళ్లొద్దంటారు.

ఉద్యోగి అయితే, అర్హత ఉంటే, పని చేయలేని రోజులకు ఈఐ (ప్రభుత్వ ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్) కింద 26 వారాల వరకు జీతంలో 55 శాతం, ఒక పరిమితికి లోబడి వస్తుంది. మీరు సొంత కంపెనీ యజమాని. విడిగా నమోదు చేసుకోకపోతే పైసా రాదు. ఈరోజు చేసుకున్నా ఏడాది దాటితే గానీ క్లెయిమ్ చేయలేరు. అంటే ఈ చలికాలం మీకున్న ఆధారం 3,200 డాలర్లు. మీ ఖర్చుకు 22 రోజులు!

దెబ్బ తగిలో జబ్బు చేసో పని ఆగితే నెలనెలా డబ్బిచ్చే డిజబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోండి. వెయిటింగ్ పీరియడ్, అంటే డబ్బు మొదలయ్యే ముందు ఆగాల్సిన గడువు, 90 రోజులు పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది, కానీ మొదటి డబ్బు చేతికొచ్చేసరికి నాలుగో నెల గడిచిపోతుంది. కాబట్టి కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 17,200 డాలర్లు, పక్కన ఉండాలి. కాంట్రాక్టు మధ్యలో ఆగిపోయినా ఆదుకునేది అదే. మీరు 21 శాతం వడ్డీకి కార్డు గీకితే, ఆ 900 పదకొండు నెలలకు పైగా దానికే పోతుంది, వడ్డీయే వెయ్యికి దగ్గర. ఇంకో చలికాలం వచ్చినా ఎమర్జెన్సీ ఫండ్ ఈ 3,200 దగ్గరే ఉంటుంది. సరదా కోసం అప్పేమిటండీ, ఆస్పత్రి ఖర్చు కాదు, పిల్ల ఫీజు కాదు!

ఆ ఫండ్‌కు టీఎఫ్‌ఎస్‌ఏలో సేవింగ్స్ ఖాతా చాలు. చేయి విరిగిన రోజు హైదరాబాద్ ఎఫ్‌డీ అక్కరకు రాదు.

ఇక మంచు సంగతి. 1988 ఒలింపిక్స్ పోటీలు కొన్ని జరిగిన స్కీ కొండ ఊళ్లోనే ఉంది, నేర్చుకోవడానికి అది చాలు. కాల్గరీ యూనివర్సిటీ అవుట్‌డోర్ సెంటర్‌లో సామాన్లు అద్దెకిస్తారు. బౌనెస్ పార్కులో స్కేటింగ్, వీధి చివర దిబ్బ మీద స్లెడ్ ఉండనే ఉన్నాయి. బాన్ఫ్‌కు 130 కిలోమీటర్లు కారులో వెళ్లాలంటే స్కీల కన్నా ముందు వింటర్ టైర్లు, తర్వాత హెల్మెట్లు. పాపకు బూట్లు మాత్రం కొనకండి, వచ్చే నవంబరుకు పట్టవు.